‘ఎక్కిచ్చు’: ఒక వాట్సాపు సందేశమునకు టీకా తాత్పర్యములు

మూలము: “మామా, ఆ పాత ల్యాప్‌టాపులో విండోస్ పీకేసి బజ్జైట్ ఎక్కిచ్చు. గేములు ఆడుకుంటా. ఫోటోలు మాత్రం పోనీయొద్దు.”

అవతారిక: అనంతపురమున ఇంజనీరింగు రెండవయేడు చదువుచున్న నా మేనల్లుడు ఒక ఆదివారము మధ్యాహ్నము, భోజనానంతరము నేను వాల్చిన నడుము ఇంకను నేలకు ఆనకముందే పంపిన ఈ మూడు వాక్యముల గ్రంథము చూచుటకు చిన్నదే గాని, దీని అర్థము గ్రహించి ఆచరించుటకు నాకు రెండు రాత్రులును ఒక పగలును పట్టినందున, ఇట్టి మూలములకు టీక లేకుండుట లోకమునకు కీడని తోచి ఈ పనికి పూనుకొంటిని. మూలములో లేనిది వ్రాయనని ప్రతిజ్ఞ పట్టి కాళిదాసును వ్యాఖ్యానించిన కోలాచల మల్లినాథసూరి తన వ్యాఖ్యకు సంజీవని యని పేరు పెట్టెను. చచ్చిన యంత్రమును లేపు పనికి వ్రాయుచున్న నా టీకకు ఆ పేరు మఱింత తగియుండును గాని, పెద్దల సొమ్ము ముట్టుటకు జంకితిని. ఆ ప్రతిజ్ఞయు నాచేత కాదు.

మామా: సంబోధన ప్రథమ. మా అక్క కొడుకు అవసరము లేనపుడు నన్ను ఏ పేరుతోను పిలువడు గనుక, ఈ పదమునకు ‘పనియున్నది’ అని అర్థము.

పాత: ఇక్కడ కొంత నిలువవలయును. ఈ ల్యాప్‌టాపు 2017లో కొన్నది. లోపలిది ఇంటెల్ వారి ఏడవ తరము ప్రాసెసరు, ఎనిమిది గిగాబైట్ల ర్యాము. మూత కీలు ఒకవైపు ఊడినది, బ్యాటరీ ఏనాడో కాలధర్మము చెందినది. అయినను దీనికి ముసలితనము దేహమువలన వచ్చినది కాదు, శాసనమువలన వచ్చినది. విండోస్ 10నకు సాధారణమైన మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసెను; విండోస్ 11 ఏమో, ఇంటెల్ కులమున ఇంచుమించుగా ఎనిమిదవ తరమునకు దిగువనున్నవారిని పంక్తికి రానీయదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదియు పడినయేడు పడి పడనియేడు పడని ఈ సీమలో, చెప్పు తెగినచో కుట్టించుకొనుటయు, బోరు మోటరు కాలినచో వైండింగు చేయించుకొనుటయు మేమెఱుగుదుము గాని, ఒక్క తరము తక్కువయైనదని తిరుగుచున్న వస్తువును పారవేయుట మా ఇండ్లలో ఎవరును నేర్పలేదు.

పీకేసి: ‘పీకివేసి’ యనుటకు వ్యావహారిక రూపము, క్త్వార్థకము. చెనక్కాయ చెట్టు పెఱుకుట చూచినవారికి ఈ క్రియలోని అపాయము తెలియును. నేల పదునుగా ఉన్నపుడు కుదురు పట్టి లాగినచో కాయలన్నియు గుత్తిగా వేళ్లవెంట వచ్చును. వాన మొగము చాటువేసి నేల రాయియైన పిదప లాగినచో చెట్టు చేతికి వచ్చును, కాయలు మంటిలో నిలిచిపోవును, వానిని త్రవ్వి ఏరుటకు మరల కూలి పెట్టవలయును. అంగళ్లలో ‘ఫార్మాట్ కొట్టుట’ యని వాడుకలోనున్న క్రియ అట్టిది. కనుక మూలమున మూడవదిగా నున్న ఫోటోల వాక్యము ఆచరణలో మొదటిది కావలయును. కవి దానిని తుదకు నెట్టుట దూరాన్వయ దోషము. ఈ దోషమును నేను సకాలమున కనిపెట్టి, మేనల్లుని అన్నప్రాశననాటి ఫోటోలు మొదలుకొని వేఱొక డిస్కులోనికి మార్చినందుననే మా అక్క ఇప్పటికిని నాకు అన్నము పెట్టుచున్నది.

బజ్జైట్: మా అక్క ఈ పేరు విని, ఉగ్గానిలో నంజుకొను మిరపకాయ బజ్జీకి ఇది ఏమి కావలయునని అడిగెను. ఏమియు కాదు. ఇది స్కాండియము గల ఒక నీలిరాయి పేరు, మన పచ్చరాతికి దాయాది. దానిని కనుగొన్న ఇటలీ ఇంజనీరు అలెస్సాండ్రో బజ్జి పేరు దానికి వచ్చినది. ప్రకృతమున గేములకై కూర్చిన లినక్సు అని అర్థము. 1991లో హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలిడిన లినక్సు మూలము, దానిపై ఫెడోరా, ఫెడోరాపై ఇది.

విశేషము: ఇందు వ్యవస్థాభాగమునకు ముద్రవేసి యుంచుదురు, వాడువాడు దానిలో చేయిపెట్టి దిద్దలేడు. క్రొత్తది ఏదైనను చేర్చవలసివచ్చినచో పైన ఒక పొరగా చేర్చవలయును. నవీకరణము వచ్చినపుడు గ్రంథమంతయు ఒక్కమారే మారును, వెనుకటి ప్రతియు ప్రక్కనే భద్రముగా ఉండును, క్రొత్తది వికటించినచో యంత్రము లేచునపుడు పాతదానిని ఎన్నుకొనవచ్చును. మూలమునకు చేయి తగులరాదు, చెప్పదలచినది వ్యాఖ్యలో చెప్పుకొనుము అను మన పండితుల మర్యాద ఇదే గదా! ఈ కట్టుబాటు మన లేఖకులకు ఉండినచో, బ్రౌను దొర కడప బంగళాలో పండితులను కూర్చుండబెట్టి ప్రక్షిప్తములు ఏరించు శ్రమ సగము తగ్గియుండును.

ఎక్కిచ్చు: ప్రేరణార్థకము. బండికి మూటలు ఎక్కించినట్లు అని కవి భావము కాబోలు. ఎట్లు ఎక్కించుటయని మూలకర్తనే అడిగితిని. “యూట్యూబులో ఉంటాది మామా” అనెను. తాను వ్రాసిన పెనుగొండలక్ష్మిని తానే పాఠ్యముగా చదివి విద్వాన్ పరీక్షకు కూర్చున్న పుట్టపర్తి నారాయణాచార్యులవారి సీమలో, తన మూడు వాక్యములకు తానే అర్థము చెప్పలేని కవి పుట్టుట కాలమహిమ.

ఫైలును ఫోను హాట్‌స్పాటుమీద దింపుటకు ఒక రాత్రి పట్టెను. దానిని పెన్‌డ్రైవులోనికి వ్రాయుచుండగా, గీత ముప్పాతిక నిండినపుడు, కరెంటు పోయెను. బ్యాటరీ లేని యంత్రము గనుక దానితోపాటు నా శ్రమయు పోయెను. రెండవ రాత్రి అంతయు ముగిసి యంత్రము మరల లేచునపుడు నీలపు తెరయొకటి ప్రత్యక్షమై తాళపుచెవి నమోదు చేయుదువా యని అడిగెను. సెక్యూర్ బూట్ అను ద్వారపాలకునికి క్రొత్తవాని గుర్తు చూపించు ఘట్టమిది. అచ్చట ‘యూనివర్సల్‌బ్లూ’ అని చిన్న అక్షరములతో, నడుమ ఎడము లేక కొట్టవలయును. కొట్టునపుడు తెరపై చుక్కయైనను కనబడదు. నేను రెండు పర్యాయములు ఎడము పెట్టి కొట్టితిని. మూడవమారు ద్వారము తెఱచుకొన్నది. మామూలుగా పొట్టు తూర్పారపట్టు యంత్రమువలె అఱచెడి ఫ్యాను ఆ క్షణమున నిశ్శబ్దముగా ఉండుట చూచి, చచ్చినదేమోయని ముక్కుకడ చేయి పెట్టినట్లు గాలి కన్నముకడ చేయి పెట్టి చూచితిని.

గేములు ఆడుకుంటా: ఇవి విండోస్ భాషలో వ్రాయబడినవి, లినక్సునకు ఆ భాష రాదు. 1993లో పుట్టిన వైన్ అను దుబాసీని ఆధారముగా చేసికొని, 2018లో వాల్వ్ సంస్థవారు ప్రోటాన్ అను దానిని వెలువరించిరి. గేము ఒక మాట యన్నంతనే దానిని లినక్సునకు అర్థమగు మాటగా అప్పటికప్పుడు చెప్పుచుండును. అనగా ఇదియు టీకయే. అయితే మోసగాండ్రను పట్టుటకు యంత్రగర్భమున కాపలా కూర్చుండు కొన్ని గేములు ఈ దుబాసీ మాట నమ్మవు, ఆడనీయవు. మేనల్లుడు శనివారమువచ్చి మొదట తెఱచిన తుపాకుల ఆట సరిగా ఆ జాతిదే. వాడు పాత కార్ల పందెమొకటి పెట్టుకొని, దుమ్ములేని రోడ్డుమీద అర్ధరాత్రివఱకు తిరిగి, మరునాడు హాస్టలు చేరినపిదప రెండవ సందేశము పంపెను.

మూలము: “మామా, విండోస్ కూడా పక్కన పెట్టింటే బాగుండు.”

టీక: స్పష్టము.