ప్లేస్కూలు మేడమ్‌గారు

బెజవాడలో పటమట నుంచి కానూరు దాకా ఏ కాలనీలోకి వెళ్లినా ఓ అద్దె ఇంటి ప్రహరీ మీద ఛోటా భీమ్ కనిపిస్తాడు. మన పెయింటరు చేతి చలవ వల్ల కాస్త కాంతారావు పోలికలతో ఉంటాడు. గేటుకి 'అడ్మిషన్స్ ఓపెన్' ఫ్లెక్సీ. జూన్‌లో కట్టింది సంక్రాంతికీ అలాగే ఉంటుంది. లోపల గంజి పెట్టిన కాటన్ చీరలో, ఎవరి ముక్కో తుడుస్తూ మేడమ్‌గారుంటారు.

ఆవిడ చేసేది పిల్లల చదువు వ్యాపారమని లోకం అనుకుంటుంది. ఆవిడ అసలు పని తన దగ్గర డబ్బుల్లేవని ఎవరికీ తెలియకుండా చూసుకోవడం. సరుకు సగమే ఉన్న కిరాణా కొట్టుకైనా జనం వెళ్తారు గానీ, ఆయాకి జీతం ఇవ్వలేదని తెలిసిన బడికి పిల్లాణ్ణి పంపరు. అందుకే ఆఫీసు గదిలో ఏసీ పెట్టించారు. గేటు చప్పుడైతే ఆయా కిటికీలోంచి చూస్తుంది. వచ్చింది పేరెంట్ అయితే ఏసీ వేస్తుంది. ఇంటి ఓనరుగారైతే తిరుగుతున్న ఫ్యాను కూడా కట్టేస్తుంది.

"ఫీజు నెలకి 1,500 అండీ" అంటారు మేడమ్‌గారు.

"మావాడు పన్నెండింటికే వచ్చేస్తాడండీ. వాళ్ల నానమ్మ ఉండలేదు. సగం తీసుకోండి."

"అలా కుదరదండీ..."

"ఎదురు సందులో అంగన్‌వాడీలో పైసా అడక్కుండా గుడ్డు కూడా పెడుతున్నారు."

"మేం ఫోనిక్స్ చెబుతామండీ."

"గుడ్డు పెడతారా?"

వెళ్లబోతూ ఆయన గుమ్మంలో ఆగి, మీ దగ్గర చేర్పిస్తే సర్కారువారి 'తల్లికి వందనం' డబ్బు పడుతుందా అని అడుగుతాడు. అది ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకానే. వీడికి మూడేళ్లు. పడదని తెలియగానే ఆయనకి ఛోటా భీమ్ బొమ్మ కూడా నచ్చడం మానేస్తుంది.

లెక్క చూద్దాం. నలభై మంది పిల్లలనుకోండి. అందరూ కడితే నెలకి 60 వేలు. అద్దె 22, ఇద్దరు టీచర్లకి 18, ఇద్దరు ఆయాలకి 12, మొత్తం 52 వేలు. నెలకి 8 వేలు మిగిలాయని సంబరపడకండి. ఫీజులొచ్చేది పది నెలలు, ఓనరుగారు వచ్చేది పన్నెండు నెలలు. వేసవిలో జీతాలు ఆపితే టీచర్లు జూన్‌కల్లా పక్క వీధి ప్లేస్కూల్లో తేలతారు. అంటే ఏడాదికి వచ్చేది 6 లక్షలు, పోయేది 6 లక్షల 24 వేలు. కరెంటు బిల్లూ, ఫినాయిలూ, విరిగిన క్రేయాన్లూ ఇంకా కలపలేదు. అందరూ కడతారన్న మాట కూడా నేను వాదన కోసం అన్నదే. ప్రీస్కూలు ఫీజు మీద జీఎస్టీ లేదని ఆవిడ గర్వంగా చెబుతారు. నిజమే. అందువల్ల జారుడుబల్ల కొన్నప్పుడు తను కట్టిన జీఎస్టీ మాత్రం తిరిగి రాదు.

బకాయిలు అడగటం ఇంకో కళ. మొహం మీద అడిగితే పిల్లాణ్ణి మాన్పించేస్తారు. అందుకని వాట్సాప్ గ్రూపులో ముందు ఇసకలో ఆడుతున్న పిల్లల ఫొటోలు నాలుగు పెట్టి, వాటి కింద 'జెంటిల్ రిమైండర్' అని రెండు దండాలు పెడతారు. ఫొటోలకి ముప్పై లవ్ సింబల్స్ వస్తాయి. రిమైండర్‌కి ఒక బొటనవేలు వస్తుంది, అదీ ఎప్పుడూ టైముకి కట్టే ఆవిడది.

మార్చిలో గ్రాడ్యుయేషన్ డే. నల్ల గౌన్లు, నల్ల టోపీలు అద్దెకి తెచ్చి, నాలుగేళ్ల పట్టభద్రుల్ని ఎండలో నిలబెడతారు. విచిత్రమేమిటంటే మూడు నెలల బకాయి ఉన్నవాళ్లు కూడా గౌను డబ్బులు ముందు రోజు రాత్రే ఫోన్‌పే చేస్తారు. ఏడాదికి నాలుగుసార్లు గ్రాడ్యుయేషన్ పెడితే ఎలా ఉంటుందని మేడమ్‌గారు ఒకటి రెండుసార్లు సీరియస్‌గానే ఆలోచించారు.

ఆ మర్నాటి నుంచి టీసీల వరుస. జూన్‌లో గేటు పట్టుకుని ఏడ్చినవాణ్ణి ఊరుకోబెట్టి, డైపర్ మాన్పించి, పెన్సిలు పట్టించి, ఒక చోట కూర్చోబెట్టేసరికి వాడు పెద్ద స్కూలుకి పనికొచ్చే సరుకవుతాడు. అక్కడ వేలకి వేలు అడిగినా నాన్నగారు బేరం ఆడరు. పాస్ వస్తే చెప్పాలని నేర్పింది ఈవిడ, పదేళ్ల తర్వాత ర్యాంకుతో ఫ్లెక్సీ వేసుకునేది వాళ్లు.

మరి బడి ఎలా నడుస్తోందంటారా? మేడమ్‌గారి ఆయనది బ్యాంకు ఉద్యోగం. ఊళ్లో పెద్ద పెద్ద సంస్థల లోన్ ఫైళ్లు చూసే మనిషి, ఈ ఒక్క ఖాతా జోలికి మాత్రం వెళ్లరు. ఒకటో తారీఖున జీతంలోంచి కొంత ఇటు పంపించి పేపరు చదువుకుంటారు.

చుట్టాలకి ఇవేవీ తెలియవు. మొన్న పినమామగారు వచ్చి, ఏసీలో కూర్చుని, కాఫీ తాగి, "నీకేంటమ్మా, నలభై మంది నెలనెలా కడతారు. ఓ పదివేలు సర్దు, శ్రావణంలో ఇచ్చేస్తా" అన్నారు. లేదంటే మాట కాలనీ దాటి పేరెంట్స్ దాకా పోతుంది. మేడమ్‌గారు నవ్వి, "దానికేముంది మావయ్యగారూ, సాయంత్రం పంపిస్తాను" అని, ఆయన గేటు దాటగానే ఏసీ కట్టించి, గోల్డ్ లోన్ కుర్రాడికి ఫోన్ చేశారు.