అర్ధరాత్రి ప్రాగ్‌లో పాట పెట్టిన తమ్ముడికి

తమ్ముడూ,

నీ పేరు నాకు తెలియదు. శనివారం రాత్రి పన్నెండు దాటాక ప్రాగ్ పాతబస్తీలోని ద్లౌహా వీధిలో, బ్యాగుకి తగిలించిన బ్లూటూత్ స్పీకర్‌లో మన సినిమా పాట మోగించుకుంటూ నడిచావు. వెనక నీ స్నేహితులు, అందులో ఒకడి మెడలో పూలదండ. పెళ్లి కుదిరినట్టుంది, అతనికి నా శుభాకాంక్షలు. శని, ఆదివారాలు గడుపుదామని డ్రెస్డెన్‌లో బస్సెక్కి రెండు గంటల్లో అక్కడ దిగిన స్నేహితులమే మేమూ. మూడో అంతస్తు కిటికీలోంచి మిమ్మల్ని చూశాం.

పరాయి దేశంలో తెలుగు పాట చెవిన పడితే ప్రాణం లేచి రావాలి. ఆ రాత్రి నాకు కోపమొచ్చింది.

ఆ వీధికి రెండు పక్కలా ఆనుకుని కట్టిన పాత మేడలు. పక్కకి పోయే దారి లేక చప్పుడంతా పైకి ఎక్కుతుంది. ఆ ఇళ్లలో ఏసీలు అరుదు, ఎండాకాలం కిటికీలు తెరుచుకునే పడుకుంటారు. మీ పాటకి ఎదురింట్లో దీపం వెలిగింది. ఒక పెద్దావిడ వచ్చి, ఒక్క మాటైనా అనకుండా, కిటికీ రెక్కలు ఒకదాని తర్వాత ఒకటి మూసుకుంది. అంత ఉక్కలో! మీరు మలుపు తిరిగి వెళ్లిపోయాక కూడా ఆ దీపం చాలాసేపు ఆరలేదు. మన ఊళ్లో బరాత్ డీజే ఇంటి ముందు ఆగితే లోపల జ్వరంతో పడుకున్నవాళ్ల గతి ఏమిటో నీకు తెలియంది కాదు.

అక్కడ రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా నిశ్శబ్దం పాటించాలని చట్టమే ఉంది. గుంపుల్ని ఒక బార్ నుంచి ఇంకో బార్‌కి తిప్పే వ్యాపార టూర్లను అదే వేళల్లో నడపకూడదని 2024లో నగరపాలకులు నిషేధించారు. నిద్ర కరువైన స్థానికులు ఏళ్ల తరబడి మొత్తుకుంటే వచ్చిన నిర్ణయమది. టూరు కొనుక్కోలేదు కాబట్టి మాకు వర్తించదనుకోకు. నిద్ర చెడిందంటే చెడినట్టే.

బీరు తాగొద్దని నేననను. ప్రాగ్ వెళ్లి దాని రుచి చూడకుండా ఎందుకు రావాలి? కానీ అక్కడివాళ్లు ఎలా తాగుతారో కాసేపు కూర్చుని చూడు. బల్ల మీద చిన్న కాగితం పెడతారు, గ్లాసు వచ్చినప్పుడల్లా వెయిటర్ దాని మీద ఒక గీత గీస్తాడు. ఆ గీతలు పెరిగేకొద్దీ కబుర్లూ సాగుతాయి. రచయిత బొహుమిల్ హ్రబాల్ రోజూ కూర్చున్న 'బంగారు పులి' పబ్బు అలాంటిదే. 1994లో చెక్ అధ్యక్షుడు హావెల్ తన అతిథి, అమెరికా అధ్యక్షుడు క్లింటన్‌ని తీసుకెళ్లింది అక్కడికే. ఆ సందడంతా మాటలదే.

తెల్లవారి చార్లెస్ వంతెన మీదా నీ స్పీకర్ వినిపించింది, రీల్ కోసం. 1342 వరదలో పాత వంతెన కొట్టుకుపోతే, 1357లో నాలుగో చార్లెస్ చక్రవర్తి దీనికి పునాది వేయించాడు. అర కిలోమీటరు పొడవు, అటూ ఇటూ ముప్ఫై విగ్రహాలు. ఎగువన కాస్త దూరంలోనే ఆనకట్ట ఉంది. దాని మీంచి వ్లతావా నది నీళ్లు దూకే చప్పుడు పగలు జనం గోలలో వినపడదు. అది విందామనే నిద్ర చాలకపోయినా లేచి వెళ్లాం. మాలాగే వచ్చి గోడకానుకుని నిలబడ్డవాళ్లు ఇంకొందరున్నారు. నీ పాట మొదలవగానే ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ పాట ఏ భాషదో పెద్దావిడకి తెలియదు, మన ముఖాలు మాత్రం గుర్తుంటాయి. రేపు మనవాళ్లలో ఒక పిల్ల ఆ వీధిలో అద్దెకి గది అడిగితే ఆవిడకి గుర్తొచ్చేది మీ గుంపే. పరాయి ఊళ్లో ఇల్లు దొరకడం ఎంత కష్టమో నువ్వూ చూసే ఉంటావు.

మళ్లీ వెళ్లు తమ్ముడూ, తప్పకుండా వెళ్లు. పగలు నది ఒడ్డున పెళ్లికొడుకుని ఎంతైనా ఆటపట్టించండి. పది కొట్టాక మాత్రం స్పీకర్ ఆపి బ్యాగులో పెట్టెయ్. ఈ ఉత్తరం నీ స్నేహితులకీ చూపించు.

ఇట్లు,
డ్రెస్డెన్‌లో ఉండే ఒక అక్క