పులికి మేకను వదలండి: పరకాల ఆటగాళ్లకు ఎదురు చిట్కాలు

పులి–మేక ఆటలో మేకల పక్షాన కూర్చున్నవాళ్లకు చుట్టూ నిలబడ్డవాళ్లు చెప్పే మాటలు మూడే. ఒక్క మేకనూ పోనివ్వకు. మంచి చుక్కలన్నీ ముందే పట్టుకో. గబగబా పదిహేనూ దించేసి కదలడం మొదలుపెట్టు. పరకాలలో పత్తి తూకానికి వంతు కోసం కూర్చున్న చోటైనా, గుడి మెట్ల మీదైనా ఇవే వినిపిస్తాయి. ఈ మూడింటినీ పక్కన పెట్టమని నా సలహా. మేకల బలం కాపలాలో లేదు, ఎప్పుడు కాయాలో ఎప్పుడు వదలాలో తెలియడంలో ఉంది.

ముందు పటం చూద్దాం. కొన నుంచి కిందికి నాలుగు గీతలు దిగుతాయి. వాటికి అడ్డంగా మూడు పొడుగు గీతలు, అడుగున ఒక పొట్టి గీత. పొడుగు గీతల చివరలను రెండు పక్కలా నిలువు గీతలు కలుపుతాయి. కొన ఒకటి, పొడుగు గీతల మీద ఆరేసి, అడుగున నాలుగు: మొత్తం 23 చుక్కలు. పులులు 3, మేకలు 15. పులి పక్క చుక్కకు జరగొచ్చు, లేదా అదే గీత మీద పక్కనున్న మేకను దాటి, అవతలి చుక్క ఖాళీగా ఉంటే అందులో దిగి మేకను తినొచ్చు. మేకలు వంతుకొకటి దిగుతాయి. పదిహేనూ దిగేదాకా దిగిన మేక కదలకూడదు. పులులు మూడూ కదలకుండా కట్టుబడితే మేకలు గెలిచినట్టు.

1. కదలలేకపోవడం శిక్ష అనుకోకండి. అదే మీ రక్ష. మేకలు దిగుతున్నంతసేపూ ప్రతి వంతుకూ పటం మీద ఒక ఖాళీ పూడుతుంది. పదహారో వంతు నుంచి కథ తిరగబడుతుంది: ఏదో ఒక మేక తన చుక్కను ఖాళీ చేసి తీరాలి, ఆ ఖాళీలోకే పులి దూకుతుంది. 1974లో అమెరికాలో వచ్చిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటలోనూ ఈ సూత్రం కనిపిస్తుంది. 2014 నాటి అయిదో కూర్పు నిబంధనల్లో శత్రువు ఎదుట నిలబడ్డవాడి కంటే, అతని అందుబాటు దాటి వెళ్లబోయేవాడికి అదనపు దెబ్బ పడే ప్రమాదం ఉంది. దెబ్బ లేకుండా తప్పుకోవాలంటే ఆ వంతులో చేయాల్సిన పనిని దానికే ఖర్చుపెట్టాలి. పులి–మేకలో కూడా దెబ్బ కదిలినప్పుడే ఎక్కువగా పొంచి ఉంటుంది. కాబట్టి పదిహేనో మేక దిగేసరికే ఒక పులినైనా కట్టేసేలా ఆడండి.

2. భద్రమైన చుక్కలను చివరికి దాచండి. ఈ పటంలో ఏ పులీ మేకను తినలేని చుక్కలు 7 ఉన్నాయి: కొన, పక్క నిలువు గీతల నాలుగు మూలలు, అడుగు గీత రెండు చివరలు. అక్కడ గీతలు ఆగిపోతాయి కాబట్టి మేకను దాటి దిగడానికి పులికి అవతల చోటుండదు. అందరూ ముందు వీటినే నింపమంటారు. నింపేశాక మిగిలిన మేకలన్నిటినీ ప్రమాదంలోకే దించాలి కదా! ఎక్కడ పెట్టినా పోతుందనిపించే వంతు ప్రతి ఆటలోనూ ఒకటి వస్తుంది. ఆ వంతు కోసం కనీసం రెండు భద్రమైన చుక్కలు మిగుల్చుకోండి.

3. ప్రతి మేకనూ కాపాడకండి. ఎడమ చివరి గీతను పై నుంచి కిందికి చదవండి: కొన మీద ఒక పులి, ఒకటో అడ్డగీత మీద మేక, రెండో దాని మీద మరో పులి, మూడో దాని మీద మేక, అడుగు చివర ఖాళీ. అడుగు గీత మీద నడుమ రెండు చుక్కల్లోనూ మేకలున్నాయి. అందరూ అడుగు చివర మేకను పెట్టి మూడో గీత మేకను కాపాడతారు. మీరు కాపాడకండి. పులిని దిగనివ్వండి. అది మేకను తిని అడుగు చివరకు చేరగానే, అది విడిచిన రెండో గీత చుక్కలో మేకను పెట్టండి. ఇప్పుడు కింది పులికి వచ్చిన దారి తప్ప ఇంకో దారి లేదు. మరుసటి వంతులో అది కదలకపోతే మూడో గీత మీద ఇంకో మేక దించండి, పులి కట్టుబడుతుంది. పై మేకను తిందామంటే కొన మీది పులికీ దిగే చోటు లేదు. ఒక్క మేక ఖర్చుతో, ఏ పులి కదలాలో మీరు నిర్ణయించే స్థితి వచ్చింది.

నాలుగు పులులు, ఇరవై మేకలతో ఆడే నేపాల్ బాఘ్‌చాల్‌ను కంప్యూటర్లతో లెక్కగట్టి చూస్తే, ఇద్దరూ తప్పు చేయకుండా ఆడితే ఎవరూ గెలవరని తేలింది. అక్కడ గెలుపు ఎదుటివాడి తప్పులోంచే రావాలి. మన ఆటలోనూ కాపలా కాస్తూ కూర్చుంటే పులి తప్పు చేయదు. ఎర చూస్తేనే చేస్తుంది.

4. ప్రమాదాన్ని పైకి చెప్పండి. "నీ పులికి ఈ మేక దొరుకుతుంది చూడన్నా" అని నోరు తెరిచి చెప్పండి. దొరికిన మేకను వదిలేసే పులి ఆటగాడు అరుదు. పైగా చెప్పాలంటే ముందు మీరు చూడాలి. ప్రతి వంతులో మూడు పులుల పక్కలూ చూసే అలవాటు ఇలాగే పడుతుంది.

5. పిల్లలకు ఎత్తు వాపసు ఇవ్వకండి. చేయి తీస్తే ఎత్తు అయిపోయినట్టే. చిన్నపిల్లలని జాలిపడి మేకను వెనక్కి ఇస్తే, పోయిన మేకతో ఏం సాధించవచ్చో వాళ్లకు ఎన్నటికీ తెలియదు. ఎన్ని మేకలు తింటే పులి గెలిచినట్టో మాత్రం మొదటి మేక దిగకముందే తేల్చుకోండి. ఈ లెక్క ఊరికో తీరుగా ఉంటుంది. ఎన్ని మేకలను వదులుకోవచ్చో తెలిస్తేనే ఏ మేకను ఎప్పుడు వదలాలో తెలుస్తుంది. అయిదు అని ఒప్పుకుంటే నాలుగింటిని నిర్భయంగా ఖర్చుపెట్టండి. ఆట అయ్యేసరికి చేతిలో మిగిలిన మేకలకు మార్కులు లేవు, కట్టుబడ్డ పులులకే ఉన్నాయి.