హవాయి చెప్పులు అరిగేదాకా

హవాయి చెప్పులు వేసుకునేవాడు కూడా విమానంలో కనిపించాలని 2017 ఏప్రిల్ 27న సిమ్లాలో ప్రధానమంత్రి మోదీ అన్నారు. చవక విమానాల ఉడాన్ పథకంలో మొదటి విమానానికి ఆ రోజే ముహూర్తం. కడప–హైదరాబాద్ విమానానికీ అదే రోజు జెండా ఊపారు. మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం వైపు వాళ్ళం ఈ మాట విని తెగ సంతోషించాం. చెప్పుల విషయంలో మాకేం లోటు? 1996లో శంకుస్థాపన చేసిన వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి చెప్పులు అరగదీసుకున్న జనం మేం. అర్హత ఎప్పుడో వచ్చేసింది. ఇక విమానం రావడమే తరువాయి.

ఆ మాటకొస్తే మాకు విమానాశ్రయం లేదని ఎవరూ అనలేరు. దొనకొండలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో తెల్లదొరలు వాడిన రన్‌వే అది. ప్రభుత్వం మారినప్పుడల్లా ఎవరో ఒక అధికారి జీపు దిగుతాడు, టేపు పట్టి కొలుస్తాడు, ఫొటో దిగి వెళ్ళిపోతాడు. మర్నాడు పేపరు జిల్లా పేజీలో దొనకొండకి రెక్కలు మొలుస్తాయి. 2014లో ఏకంగా రాజధానే వస్తుందన్నారు, చుట్టుపక్కల ఎకరం ధర ఎగిరింది. ఈ మధ్యకాలంలో ఆ రన్‌వే దగ్గర ఎగిరింది అదొక్కటే, అదీ మళ్ళీ దిగింది. ఏమాటకామాటే చెప్పాలి, ఇంత చవకగా నడిచే విమానాశ్రయం దేశంలో ఇంకోటి ఉండదు. ఆలస్యం లేదు, రద్దు లేదు, లగేజీ గొడవ అసలే లేదు.

చవక విమానం ఎక్కాలంటే ముందు ఆ చవక దగ్గరికి చేరాలి కదా. గిద్దలూరు వాడు ఓర్వకల్లు పోవచ్చు. 2021 మార్చిలో తెరిచారు, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. నల్లమల ఘాటు దాటి, నంద్యాల మీదుగా వెళ్ళాలి. విమానం వేళకి బస్సు కుదరదు కాబట్టి కారు మాట్లాడుకోవాలి. కారు అతను రానూపోనూ కిరాయి అడుగుతాడు. అతనిదేం తప్పు, ఖాళీ బండి వేసుకుని ఎందుకొస్తాడు? ఆ కిరాయి ముందు విమానం టిక్కెట్టు చిల్లరలా కనిపిస్తుంది. చవక విమానం అన్నమాటకి అసలు అర్థం అప్పుడు బోధపడుతుంది. 2025 జులైలో అక్కడి నుంచి విజయవాడకి కూడా విమానం మొదలుపెట్టారు, వారానికి మూడు రోజులు. మిగతా నాలుగు రోజుల్లో పెళ్ళిళ్ళూ చావులూ పెట్టుకోకుండా చూసుకుంటే సరి. మార్కాపురం వాడు గన్నవరం పోదామంటే వినుకొండ, నరసరావుపేట, గుంటూరు అన్నీ దాటాలి. గంట విమానానికి పూటంతా రోడ్డు, ఆపైన రెండు గంటల ముందు హాజరు. మార్కాపురం రోడ్డు స్టేషన్లో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాడు మాత్రం బెర్తు మీద హాయిగా పడుకుని పోతాడు.

సరే, ఎలాగోలా పోదాం. ముందు టిక్కెట్టు కొనాలి. ఫోన్లో 1,899 అని కనిపిస్తుంది. ఇంట్లో ఒక మాట అడిగొచ్చేసరికి 2,640 అయి కూర్చుంటుంది. మా ఊరి పలక మీద సుద్దముక్కతో రాసిన అంకె అయినా తడిగుడ్డ తగిలేదాకా నిలబడుతుంది, వీళ్ళ ధర మనం రెప్ప వేస్తే చెరిగిపోతుంది. పోనీ ఆ ధరకే ఒప్పుకున్నాం అనుకోండి. సీట్ల బొమ్మ వస్తుంది. కిటికీ పక్కన ఒక రేటు, నడవ పక్కన ఒక రేటు. మధ్యలో ఇద్దరి మోచేతుల కింద నలిగే సీటుకి కూడా చాలాచోట్ల రేటే. టిక్కెట్టు కొన్నాక సీటు వేరే కొనమనడం ఏమిటని అడగకూడదు. కాళ్ళు చాపుకోవాలంటే ఇంకొంచెం, ముందు దిగాలంటే ఇంకొంచెం, తిండి పెట్టమంటారా అంటే ఇంకొంచెం. చివర్లో సౌకర్య రుసుం. ఫోను మనది, రీఛార్జి మనది, వేలు మనది, సౌకర్యం మాత్రం వాళ్ళదట. దీనికి విమానాశ్రయ అభివృద్ధి రుసుం, భద్రతా రుసుం, 5 శాతం జీఎస్టీ కలిపి చూసుకుంటే, మొదట కనిపించిన 1,899 ఎవరి టిక్కెట్టో తెలియదు, మనది మాత్రం కాదు.

ఇందులో అతి లేదు. కౌంటరు దగ్గర బోర్డింగ్ పాస్ ఇచ్చినందుకు కంపెనీలు విడిగా డబ్బులు పుచ్చుకుంటుంటే, అలా తీసుకోవద్దని 2022 జులైలో విమానయాన శాఖే చెప్పాల్సి వచ్చింది. డబ్బు కట్టి టిక్కెట్టు కొన్నవాడికి కాగితం ముక్క ఊరికే ఇవ్వండని చెప్పడానికి ఒక మంత్రిత్వ శాఖ కావలసి వచ్చిందన్నమాట. ఐర్లండు కంపెనీ ర్యానైర్ అధిపతి మైకేల్ ఓలీరీ, విమానంలో మరుగుదొడ్డికి ఒక పౌండు వసూలు చేస్తే ఎలా ఉంటుందని 2009లో అన్నాడు. జనం నవ్వారు. మన కంపెనీలవాళ్ళు నోట్సు రాసుకుని ఉంటారు.

ఇక లగేజీ. కింద వేసే సంచి 15 కిలోలు, చేతి సంచి 7 కిలోలు. ఆ మధ్య ఒక విమానాశ్రయంలో నా ముందు మా వైపు పెద్దమ్మ ఒకావిడ నిలబడింది. బెంగళూరులో కొడుకు దగ్గరికి పోతోంది. పెట్టె కాటా మీద పెడితే 18 దాటింది.

"మూడు కిలోలు ఎక్కువుంది మేడమ్, ఎక్స్‌ట్రా కట్టాలి" అంది కౌంటరులో అమ్మాయి.

"ఏంది తల్లీ! నేను మనిషిని నలభై అయిదు కిలోలుంటా. నా ఎనకాల ఆయన్ని జూడు, తొంభైకి తక్కువుండడు. మా ఇద్దరికీ టిక్కెట్టు ఒకటే గదా. ఆయన మిగిల్చిందేంది, నేను ఎక్కువ తెచ్చిందేంది?"

వెనకాల ఆయన బిక్కమొహం వేశాడు. అమ్మాయి నవ్వింది గానీ కాటా నవ్వలేదు. పెద్దమ్మ నేల మీద కూలబడి పెట్టె తెరిచింది. మిరపకాయ పచ్చడి స్టీలు డబ్బా, కందిపొడి, సజ్జ బూరెలు, నువ్వుల ఉండలు, మనవడికి స్వెట్టరు, రెండు శాలువాలు, కోడలికి చీర. వాటి మధ్య ఎండుకొబ్బరి చిప్పలు. అవి కనపడగానే తీసి పక్కన పెట్టించారు. నూనె ఎక్కువ, నిప్పంటుకుంటుందట, విమానంలోకి నిషేధం. అది భద్రత, సరే. మిగతా బరువు సంగతి పెద్దమ్మ తనే తేల్చింది. మే నెల ఎండలో ఒంటి మీద శాలువా, దాని మీద ఇంకో శాలువా, చీర మడత చంకలో, పచ్చడి డబ్బా చేతి సంచిలో. డబ్బా అటు సెక్యూరిటీ దగ్గర ఆగిపోయింది, మిరపకాయ పచ్చడి చేతి సంచిలో పనికిరాదని. శాలువాలు మాత్రం ఎక్కాయి. పెట్టె తేలికైంది, ఆ శాలువాల బరువు మాత్రం పెద్దమ్మ ఒంటి మీద విమానంలోకే చేరింది. ఇంధనం భారమని చెప్పే కంపెనీకి అదేం పట్టలేదు. వాళ్ళు తూచేది సంచిని కాదు, మన మొహమాటాన్ని.

లోపల సీటుకీ సీటుకీ మధ్య మహా అయితే 30 అంగుళాలు. కొన్ని విమానాల్లో వీపు వెనక్కి వాలదు. ఎందుకు వాలదంటే, వాలే సీటు బరువు, చెడిపోతే బాగుచేసే ఖర్చు, పైగా వాలితే వరసలు తగ్గుతాయి. ఈ వ్యాపారం గుట్టంతా ఇక్కడే ఉంది. ఒకే రకం విమానాలు కొంటారు, పైలట్ల శిక్షణకీ విడిభాగాలకీ ఖర్చు కలిసొస్తుంది. 180 మందికి పైగా కుక్కుతారు. దిగిన అరగంటకల్లా మళ్ళీ లేపుతారు, నేల మీద ఉన్న విమానం అద్దె తింటుంది తప్ప డబ్బు తేదు కాబట్టి. అందుకే ఎయిర్‌హోస్టెస్ అమ్మాయే మన ముందుకొచ్చి చెత్త సంచి పడుతుంది. నిజంగా తెలివైన లెక్క, ఒప్పుకోవాలి. నా అభ్యంతరమల్లా ఒకటే. కంపెనీకి తగ్గిన ప్రతి ఖర్చూ ఎక్కడికీ పోలేదు. మన మోకాళ్ళ మీదికీ, మన సమయం మీదికీ, సిబ్బంది నిద్ర మీదికీ, చివరికి ఖజానా మీదికీ వచ్చి కూర్చుంది. ఆ బిల్లు ఎవరూ చూపించరు గనక విమానం చవగ్గా కనిపిస్తోంది.

పాత లెక్కలు తీయండి. కెప్టెన్ గోపీనాథ్ 2003లో ఎయిర్ డెక్కన్ పెట్టారు. ఆర్.కె. లక్ష్మణ్ గీసిన సామాన్యుడి బొమ్మే దానికి గుర్తు. రూపాయికే టిక్కెట్టు అన్నారు. ఆ సెప్టెంబరులో హైదరాబాద్ నుంచి విజయవాడకి తొలి విమానం, అందులో అప్పటి బీజేపీ అధ్యక్షుడు వెంకయ్యనాయుడు ఉన్నారు. లేవకముందే ఇంజిన్లో మంటలు. అందరూ క్షేమంగా దిగారు. అయినా కంపెనీ ఎగిరింది, నిజంగానే వేలమంది మొదటిసారి విమానమెక్కారు. ఆ కథని 2020లో 'ఆకాశం నీ హద్దురా' సినిమాగా చూసి చప్పట్లు కొట్టాం. సినిమా అయిపోయాక జరిగింది ఎవరూ తీయలేదు. నష్టాల్లో పడ్డ ఆ కంపెనీని కింగ్‌ఫిషర్ మింగింది, 2012లో కింగ్‌ఫిషర్‌ని అప్పులు మింగాయి, ఆ అప్పులు ఇచ్చిన బ్యాంకుల్లో ఉన్నది మన డబ్బే. కడపకి ఉడాన్ విమానం నడిపిన మన హైదరాబాద్ కంపెనీ ట్రూజెట్ 2022లో ఆగిపోయింది. 2023లో గో ఫస్ట్ చేతులెత్తేసింది, టిక్కెట్లు కొన్నవాళ్ళు నెత్తిన చెయ్యి వేసుకున్నారు. రూపాయి టిక్కెట్టు ఖరీదు రూపాయి కాదని తేలడానికి కొన్నేళ్ళు పడుతుంది, అంతే.

ఉడాన్ సంగతీ అంతే. గంట ప్రయాణం 2,500 రూపాయలన్నారు. విమానంలో ఆ ధర సగం సీట్లకే. కంపెనీకి తగ్గిన డబ్బు కేంద్రం, రాష్ట్రం కలిసి పూడుస్తాయి. దానికోసం పెద్ద రూట్ల విమానాల మీద రుసుం కూడా వేశారు. అయినా 2023లో కాగ్ తేల్చిందేమిటి? కేటాయించిన 774 రూట్లలో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్ళ గడువు నిండా నడిచినవి 112. సాయం ఆగాక కూడా ఎగురుతున్నవి 54. వంద రూట్లకి ఏడు. ఇంటర్మీడియట్ ఫలితాల్లో ఇలాంటి శాతం వస్తే కాలేజీ మూసేస్తారు, ఇక్కడ మాత్రం పథకాన్ని పొడిగిస్తారు.

2025 డిసెంబరు మొదటి వారంలో దేశమంతా చూసిన తమాషా వీటన్నిటికీ పరాకాష్ఠ. పైలట్లకి వారానికి 36 గంటలు కాదు, 48 గంటల విశ్రాంతి ఇవ్వాలన్న నిబంధనలు 2024 జనవరిలోనే వచ్చాయి. దేశంలో మూడింట రెండొంతుల ప్రయాణికుల్ని మోసే ఇండిగో, దాదాపు రెండేళ్ళ గడువు గడిచాక కూడా అందుకు తగ్గ సిబ్బందిని సిద్ధం చేసుకోలేదు. వేల విమానాలు రద్దయ్యాయి. జనం విమానాశ్రయాల్లో నేల మీద పడుకున్నారు. పైలట్లకి దక్కాల్సిన నిద్ర అలా ప్రయాణికులకి దక్కింది. మిగతా కంపెనీలు రేట్లు ఆకాశానికి ఎత్తేశాయి. అప్పుడు మన తెలుగువాడే అయిన విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడి శాఖ సామాన్యుణ్ణి ఆదుకోవడానికి ధరలకి గరిష్ఠ పరిమితి పెట్టింది. 500 కిలోమీటర్లలోపు 7,500 రూపాయలు! సామాన్యుడికి ఇస్తామన్న ధర 2,500, సామాన్యుణ్ణి కాపాడే ధర 7,500. తప్పు చేసిన కంపెనీకి మాత్రం ఫిబ్రవరిదాకా నిబంధనల్లోంచి మినహాయింపు దొరికింది.

"ఇచ్చే డబ్బుకి ఇంకేం కావాలి? మహారాజా మర్యాదలు చేస్తారా?" అని అడిగేవాళ్ళుంటారు. మర్యాదలు అక్కర్లేదు. గిద్దలూరు డిపో పల్లెవెలుగు చేసేపాటి చేస్తే చాలు. కండక్టరు ఎక్కగానే రేటు చెబుతాడు, దిగేదాకా ఆ రేటు మారదు. పిల్లని తల్లి పక్కన కూర్చోబెట్టడానికి డబ్బు అడగడు. బస్సు దారిలో ఆగిపోతే చెయ్యెత్తి వెనక బస్సు ఆపుతాడు, అదే టిక్కెట్టు మీద ఎక్కిస్తాడు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి సున్నా టిక్కెట్టు చింపి ఇస్తున్నాడు, సున్నా మీద సౌకర్య రుసుం వేయడం ఆయనకి తోచలేదు.

కాబట్టి మా మార్కాపురం వైపు వాళ్ళ మనవి పెద్దదేం కాదు. మా వైపు సాగుతూనే ఉన్న నడికుడి–శ్రీకాళహస్తి రైలుమార్గం పూర్తయ్యేదాకా దొనకొండ రన్‌వేని టేపు పెట్టి కొలవొద్దు, అది ఎటూ పోదు. మొదట చూపించిన ధరే ఆఖరి ధర కావాలి. ఇక విమానం రద్దయితే ఇచ్చే పరిహారం. గంటలోపు ప్రయాణానికి 5,000 రూపాయలు గానీ, ఇంధన ఛార్జీతో కలిపి అసలు టిక్కెట్టు ధర గానీ, రెండిట్లో ఏది తక్కువైతే అది ఇవ్వాలని నిబంధన. దాన్ని 'ఏది ఎక్కువైతే అది' అని మార్చి ఒక్క ఏడాది చూడండి. కొరతన్న పైలట్లు దొరుకుతారు, పొగమంచు పలచబడుతుంది, సాంకేతిక కారణాలు వాటంతటవే సర్దుకుంటాయి.