అల్లె దింపని విల్లు

నేను వెదురు వింటిని. కుప్పమునకు ఆవల కంగుంది కొండల చరియలో పెరిగి, ముదిరిన పిదప నరకబడి, వంటయింటి అటకమీద పొగకు ఆరి, కత్తి వాదరకు సన్నగిల్లి, చాగనారతో పేనిన అల్లెత్రాటిని రెండు కోపులకు తగిలించుకొని, మదనపల్లె సీమలో ఏనుగుమల్లమ్మ కొండ నీడనున్న ఒక బోయపల్లెకు చేరితిని. కడప కలెక్టరుగా నుండిన హార్సిలీ దొర పందొమ్మిదవ శతాబ్దిలో ఆ కొండపై వేసవి విడిది కట్టుకొనినది మొదలు లోకము దానిని ఆయన పేరుతోనే పిలుచుచున్నది. నన్ను చేసిన తీరులో చెప్పదగిన విశేషము లేదు. చెప్పదగినది, నన్ను పట్టుటకు ఒక పిల్లవానిని సిద్ధపరచిన తీరు.

శ్రీకాళహస్తీశ్వరునకు కన్నులిచ్చిన తిన్నని చేతనుండినది మావంటి విల్లే. పాళెగాండ్ర కోటలకు కావలియున్న బోయల భుజములపై తిరిగినవారు మా పూర్వులే. అట్టి వంశమున పుట్టిన దానను గనుక, నన్ను మొదట తాకిన ఆ పడుచువాని చేతులు వణకుట చూచి నేను చిన్నబుచ్చుకొంటిని. అతని మేనమామ మాత్రము చిన్నబుచ్చుకొనలేదు. మార్గశిరమున కణుజువేటకు కొనిపోదునని మాట యిచ్చి, ఆషాఢపు తొలకరినాడే శిక్షకు మొదలిడెను.

సాంబరు అని పట్టణములవారు పిలుచు ఆ కణుజు సామాన్యమైన మృగము కాదు. ముదిరిన పోతు రెండువందల కిలోలకు మించి తూగును. ఏటేట కొమ్ములు రాల్చి, మెత్తని తోలు కప్పిన క్రొత్త కొమ్ములు పెంచుకొని, చలికాలమునకు వానిని చెట్ల బెరళ్లపై రాచి గట్టిపరచుకొనును. పగలెల్ల పొదల మరుగున పడియుండి, చీకటిపడిన తరువాత నీటికి, మేతకు వెలువడును. చెవి చురుకు, ముక్కు అంతకన్న చురుకు. అనుమానము తగిలినచో కాలితో నేలను తన్ని, తోక నిక్కించి, కొండ మారుమ్రోగునట్లు ఒక్క కేక పెట్టును. ఆ కేకతో ఆనాటి వేట ముగిసినట్లే.

తొలిదినములలో మామ నాకు బాణము సంధింపనీయలేదు. అల్లె ఎక్కించుట, దింపుట, నారిని చెవిదాక లాగి అంతే మెల్లగా మరల ముందుకు తెచ్చుట, ఇంతే పని. బాణము లేక నారిని విడిచినచో, బాణముతో పోవలసిన బలమంతయు వెనుకకు మరలి వింటినే కొట్టును. విల్లు బద్దలగుట కదియే తిన్నని దారి. ఆ సంగతిని మామ ఎన్నిమారులు చెప్పెనో! తరువాత వరిగడ్డి మోపునకు గురి. అటుపిమ్మట, ఇసుకమూట భుజమున మోపి గుండ్లమీదుగా కొండ ఎక్కించి, రొప్పు తగ్గకమునుపే బాణము వేయించెడివాడు. అడవిలో మృగము, నీ ఊపిరి కుదుటపడువరకు కాచుకొని యుండదు గదా! లోయలోనికి గురి చూచునపుడు వాలు వెంబడి దూరమును కొలువరాదనియు, అడ్డముగా ఎంత దూరమో అంతకే కొలిచి గురిని ఒకింత దింపవలెననియు అతడు బోధించిన పాఠము, పొత్తముల మొగమెరుగని ఆ మామ ఏ పండితునివలన నేర్చెనో నేనెరుగను.

"ఒరే అల్లుడా, గాలి యాడికి పోతా ఉండాదో సూడకుండా అడుగెయ్యొద్దురా. అది మన మొగానికి కొట్టాల. ఈపుకి కొడితే కణుజు గాదు గదా, దాని గిట్ట జాడ గుడకా అగపడదు," అని పిడికెడు బూడిద జారవిడిచి చూపెడివాడు.

"దూరంగా ఉంటే ఏం జేయాల మామా?"

"దించేయాల. ఇరవై అంగల్లోపల అడ్డంగా నిలబడి, ముందరికాలి యెనక సోటు అగపడితేనే యెయ్యాల. లేకుంటే దించేయాల. గాయపడి పొయ్యి పొదలో సచ్చేదాని ఉసురు మనకొద్దు."

ఆ "దించేయాల" అన్న మాట నా ఒంటికి ఎక్కినంతగా మరే మాటయు ఎక్కలేదు. నా జీవితములో గర్వింపదగినది నేను విడిచిన బాణములు కావు, ఆ పిల్లవాడు నిండుగా లాగియు విడువక దింపిన సందర్భములు.

పుంగనూరు కమ్మరి అలుగులు సానపట్టి యిచ్చెను. నెమలి ఈకల పింజలు కట్టబడెను. రాగిపిండి, బెల్లము, వేయించిన చెనక్కాయలు మూటకెక్కెను. వాసన పట్టునని బీడీలు మానిపింపబడెను. వేట సంగతి క్లుప్తము: తెల్లవారుజామున బురదమడుగు ప్రక్క పోతు అడ్డముగా నిలిచెను, బాణము ఊపిరితిత్తులలో దిగెను. వెంటనే తరుమక మామ పిల్లవానిని గడియసేపు కూర్చుండబెట్టెను. తరిమినచో ఎంత గాయపడినను అది కొండలు దాటును. పిదప నురుగుతో కూడిన లేత నెత్తురు జాడ పట్టి పోగా దాపుననే పడియుండెను. పల్లె కంతటికి పాళ్లు పంచిరి. కాయలు కాచిన వ్రేళ్లతో ఆ పిల్లవాడు నా అల్లె దింపి, నూనె పూసి, గోడమేకులపై అడ్డముగా పరుండబెట్టెను. ప్రతి వేటకు పిమ్మట అట్లే చేసెను, వృద్ధుడై చేయి వణకు వరకు.

అతనితోనే నా భోగము ముగిసెను. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. దానిపై నాకు కోపము లేదు. నెలల తరబడి సాధన చేసి ఒక్క ప్రాణమును తీసినవారివలన కణుజులు తరుగలేదు. జీపు దీపముల వెలుగులో కాల్చినవారి తుపాకులవలన, దారుల కడ్డముగా పన్నిన తీగ ఉచ్చులవలన, పంటచేల అంచున పాతిన నాటుబాంబులవలన తరిగినవి. 1990లో కుప్పము, పలమనేరు అడవులను కౌండిన్య అభయారణ్యముగా ప్రకటించిరనియు, ఎన్నో తరములుగా కానరాని ఏనుగులు అంతకు కొన్నేండ్ల ముందే పొరుగు రాష్ట్రముల అడవులనుండి అచ్చటికి మరలి వచ్చెననియు విన్నప్పుడు, నా పుట్టినింట దీపము వెలిగినంత సంతసించితిని.

నా గోడు వేరు. అతని కొడుకులు బెంగుళూరు పనులకు పోయిరి. పోవుచు ఒకడు, చూపునకు బాగుండునని, తెగిన చాగనారకు బదులు నైలాను తాడు బిగించి నన్ను పంచలో వ్రేలాడగట్టెను. నార యైనచో ఏదో యొకనాడు కుళ్లి తెగి నన్ను విడిపించెడిది; నైలాను కుళ్లదు. ఎక్కించిన అల్లెతో పగలు, రేయి, ఎండలో, ముసురులో నేనట్లే బిగిసి యుంటిని. కొంతకాలము నాతో చింతకాయలు రాల్చిరి. కొంతకాలము నాపై తడిబట్టలు ఆరవేసిరి. దసరా నాటకమునకు బంగారు కాగితము అంటించి శ్రీరాముని చేతికిచ్చిరి. వేషము విప్పిన తరువాత పిల్లవా డొకడు, ఎవ్వరును చెప్పనివాడు పాపము, నారిని నిండుగా లాగి ఒట్టినే విడిచెను. నా కడుపున నిలువున బీట పడెను. ఎవ్వరును వినలేదు.

విజయవాడ వనిత జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో మూడు స్వర్ణములు గెలిచెనని ఈ పంచలోని టీవీ చెప్పగా వింటిని. ఆమె చేతి విల్లు లోహపుది, కోపులకు చక్రములు గలది, నాకు ఎంత దూరపు చుట్టమో తెలియదు. అయినను విడుచుటకు ముందు ఆమె కదలక నిలిచిన ఆ నిలుకడను నేను గుర్తుపట్టితిని.

మరల అడవికి కొనిపొండని నేను కోరను, కణుజులు బ్రతుకనిండు. బీటను అతుకుమనియు కోరను. ఈ యింట నున్నవారిని అడుగునది ఒక్కటే: మోకాలితో నా నడుము నానించి, పై కోపును వంచి, ఆ నైలాను తాటిని జార్చి, ఇప్పటికైనను అల్లె దింపుడు.