ఫిర్యాదుకు ముహూర్తం

పదేళ్ళో ఇరవయ్యేళ్ళో కిందట ఓ పేరున్న మనిషి తనతో ఎలా ప్రవర్తించాడో ఒకావిడ నోరు విప్పి చెప్పిందనుకోండి. ఆ రాత్రికల్లా టీవీ స్టూడియోలో నలుగురు పెద్దమనుషులు కొలువుతీరతారు. మొదటాయన "ఇన్నాళ్ళూ ఏం చేసిందట?" అంటాడు. రెండో ఆయన "పోలీస్ స్టేషన్లు లేవా?" అంటాడు. మూడో ఆయన కాస్త చదువుకున్నవాడు, "నేరం రుజువయ్యేదాకా నిర్దోషే కదండీ" అంటాడు. నాలుగో ఆయన రాజకీయాల్లో ఉన్నవాడు గనక "చట్టం తన పని తాను చేసుకుపోతుంది" అని చేతులు దులుపుకుంటాడు.

మూడో ఆయన మాటతో నాకు పేచీ లేదు. అది అక్షరాలా నిజం. ఎవరో ఏదో అన్నంత మాత్రాన మనిషిని ఉరికంబం ఎక్కించకూడదు. నా అనుమానమల్లా ఆయనకు ఆ సూత్రం ఎవరిని చూస్తే గుర్తొస్తుందన్నదే. 2019 డిసెంబరు 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో ఒక అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితుల్ని పోలీసులు కాల్చి చంపారు. రుజువు సంగతి దేవుడెరుగు, విచారణ మొదలైందే లేదు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది: చంపాలనే కాల్చారు, ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లు. మరి పూలు చల్లిన నాడు మన మూడో ఆయన ఎక్కడున్నాడు? ఇదే స్టూడియోలో, ఇదే కుర్చీలో, "సత్వర న్యాయం" అని మురిసిపోతూ ఉన్నాడు. లారీ మీద పనిచేసే కుర్రాడికి ఒక్క పూట కూడా అందని నిర్దోషిత్వం దర్శకుడికీ, సంపాదకుడికీ, వైస్‌ఛాన్సలర్‌కీ మాత్రం పుట్టుకతోనే వస్తుంది కాబోలు.

సరే, ఆడవాళ్ళు వేళకాని వేళ మాట్లాడుతున్నారన్నదే పెద్దల బాధ అయితే, ఏ ఫిర్యాదు ఏ ఘడియలో చెయ్యాలో వాళ్ళే ఒక పంచాంగం గుణించి ఇస్తే పోతుంది. వర్జ్యం, దుర్ముహూర్తం తెలిసిపోతే ఎవరికీ ఇబ్బంది ఉండదు. మచ్చుకి, వెంటనే చేసిన ఫిర్యాదులకు ఎలాంటి ఫలితం వచ్చిందో ముందు చూద్దాం.

1988 జులై 18న చండీగఢ్‌లో ఒక విందు. పంజాబ్ డీజీపీ కె.పి.ఎస్. గిల్ అందరి ముందూ తనను అవమానకరంగా తాకాడని ఐఏఎస్ అధికారి రూపన్ దేవల్ బజాజ్ పై అధికారులకు చెప్పుకుంది. అదే నెల 29న పోలీసులకు ఫిర్యాదు చేసింది. ఇంతకంటే శుభముహూర్తం ఏముంటుంది? ఫిర్యాది ఐఏఎస్, సాక్షులు పెద్ద అధికారులు, జాప్యం రెండు వారాలు కూడా లేదు. మరుసటి ఏడు గిల్‌కు పద్మశ్రీ వచ్చింది. అదే ఏడు హైకోర్టు ఆమె కేసు కొట్టేసింది. మామూలు బుద్ధి ఉన్నవాళ్ళెవరూ ఫిర్యాదు చేయనంత చిన్న హాని నేరం కాదని అప్పటి శిక్షాస్మృతి 95వ సెక్షన్ చెప్పేది, ఆ ఖాతాలో ఈ చెయ్యీ పడిపోయింది. సుప్రీంకోర్టు 1995లో కేసుకు మళ్ళీ ప్రాణం పోసింది, 1996లో శిక్ష పడింది, 2005లో అది ఖాయమైంది. పదిహేడేళ్ళు. ఇంగ్లీషు వచ్చిన, హోదా ఉన్న, భయపడని ఐఏఎస్ అధికారికి పట్టిన కాలం ఇది.

హోదా లేని పిల్ల సంగతి హర్యానాలో తేలింది. 1990 ఆగస్టులో పద్నాలుగేళ్ళ టెన్నిస్ క్రీడాకారిణి మీద ఐజీ రాథోడ్ చెయ్యి వేశాడు. ఆయనే రాష్ట్ర టెన్నిస్ సంఘానికి అధ్యక్షుడు కూడా. పిల్ల తరపువాళ్ళు రోజుల్లోనే ఫిర్యాదు చేశారు. అప్పటి డీజీపీ విచారించి, కేసు పెట్టండని నెల తిరక్కుండానే రాశాడు. తర్వాత బడిలోంచి ఆ పిల్లను పంపించేశారు. ఇంట్లో కుర్రాడి మీద కార్ల దొంగతనం కేసులు వచ్చిపడ్డాయి, ఏదీ నిలబడలేదు. 1993లో ఆ అమ్మాయి విషం తాగి చనిపోయింది. 1999లో రాథోడ్ డీజీపీ అయ్యాడు. ఎఫ్ఐఆర్ నమోదైంది కూడా ఆ ఏడాది డిసెంబరులోనే, అదీ హైకోర్టు సీబీఐని రంగంలోకి దించాక. 2009లో ఆరు నెలల జైలు, వెయ్యి రూపాయల జరిమానా పడ్డాయి. పైకోర్టులో శిక్ష పెరిగింది, ఇంకా పైకోర్టులో తగ్గింది. కోర్టు బయట ఆయన నవ్వుతున్న ఫొటో ఆ రోజుల్లో పేపర్లు చదివిన వాళ్ళందరికీ గుర్తుండే ఉంటుంది. ఈ ఫైలు తొమ్మిదేళ్ళు ఏం చేసిందని ఏ స్టూడియోలోనైనా ఎవరైనా అడిగారా? జాప్యం ఆడది చేస్తేనే జాప్యం. ప్రభుత్వం చేస్తే దాని పేరు పరిశీలన.

ఇక ఆలస్యంగా చెప్పినవాళ్ళ గతి. 1993లో ముంబై హోటల్లో ఉద్యోగం ఇంటర్వ్యూకని పిలిచి సంపాదకుడు ఎం.జె. అక్బర్ ఎలా నడుచుకున్నాడో పాత్రికేయురాలు ప్రియా రమణి 2017లో పేరు చెప్పకుండా రాసింది, 2018 అక్టోబరులో పేరు పెట్టి చెప్పింది. ఆమె వెనక చాలామంది పాత్రికేయురాళ్ళు తమ అనుభవాలు చెప్పారు. ఆయన కేంద్రమంత్రి పదవి వదులుకున్నాడు, ఆరోపణలన్నీ అబద్ధాలన్నాడు, ఆమె మీద పరువు నష్టం క్రిమినల్ కేసు వేశాడు. వకాల్తానామాలో 97 మంది లాయర్ల పేర్లున్నాయి. అంతమందీ కోర్టుకు రారు, ఆరుగురే వస్తారని ఆ లాయర్ల సంస్థ వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది.

1993లో ఆమె ఎక్కడికి వెళ్ళి ఉండాలో ఎవరైనా చెబుతారా? పని చేసే చోట వేధింపుల గురించి ఈ దేశంలో మొట్టమొదటి మార్గదర్శకాలు 1997లో విశాఖ తీర్పుతో వచ్చాయి. (విశాఖ అంటే మన విశాఖపట్నం కాదు, రాజస్థాన్‌లో ఒక మహిళా సంస్థ. మనవాళ్ళు కొందరు ఆ తీర్పు మన ఊరిదేనని గర్వపడటం విన్నాను.) పోనీ పోలీసులంటారా? అప్పటి 354 సెక్షన్ కింద గరిష్ఠ శిక్ష రెండేళ్ళు, అలాంటి నేరాన్ని మూడేళ్ళు దాటాక కోర్టు స్వీకరించదు. 1996 చివరికే ఆ తలుపుకు తాళం పడిపోయింది. మరి పరువు నష్టం తలుపో? ఆమె నోరు తెరిచిన రోజే కొత్తగా తెరుచుకుంటుంది. ఆయన పరువు 2018లో కోర్టు మెట్లెక్కవచ్చు గానీ ఆమె అవమానం ఎక్కకూడదు. "పోలీస్ స్టేషన్లు లేవా?" అన్న రెండో ఆయనకు ఈ లెక్క తెలుసు. తెలిసే అడుగుతాడు.

2021 ఫిబ్రవరి 17న ఢిల్లీ కోర్టు ప్రియా రమణిని నిర్దోషి అంది. దశాబ్దాల తర్వాతైనా, తనకు నచ్చిన వేదిక మీదైనా స్త్రీ తన గోడు చెప్పుకోవచ్చని రాసింది. అక్బర్ పైకోర్టుకు వెళ్ళాడు. అది ఆయన హక్కు, వాడుకోనివ్వండి. ఒక్క ముచ్చట మాత్రం గమనించండి. ఈ మొత్తం వ్యవహారంలో ఆవిడ కూడా ప్రమాణం చేసి, బోనెక్కి, అవతలి లాయర్ల ప్రశ్నలకు జవాబు చెప్పింది. సక్రమ పద్ధతి కావాలని గొంతు చించుకున్నవాళ్ళకు అంతకంటే సక్రమంగా ఏం కావాలో!

ఇప్పుడు చట్టం ఉంది కదా అంటారు. ఉంది, 2013 నుంచి. మూడు నెలల్లోపు ఫిర్యాదు చెయ్యాలి, తగిన కారణం చూపిస్తే ఇంకో మూడు నెలలు ఇస్తారు. కోల్‌కతాలోని ఒక న్యాయ విశ్వవిద్యాలయంలో వైస్‌ఛాన్సలర్ మీద ఒక అధ్యాపకురాలు ఫిర్యాదు చేసింది. గడువు దాటిందన్నారు. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళితే 2025 సెప్టెంబరులో తీర్పు వచ్చింది: గడువు దాటిన మాట నిజం, ఫిర్యాదు చెల్లదు. అయితే ఈ తీర్పును ఆయన తన బయోడేటాలో చేర్చుకు తీరాలి! చదివి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆవిడ మాట నిజమో కాదో తేల్చనే లేదు. ఆయనకు తన నిర్దోషిత్వం నిరూపించుకునే అవకాశమూ రాలేదు. ఆవిడకు తలుపు మూసేశారు, ఆయనకు నుదుట ముద్ర వేసేశారు. ఇద్దరికీ సమానంగా అన్యాయం చెయ్యడమే న్యాయమైతే ఇదే ఆదర్శ తీర్పు. నిందితుల హక్కుల కోసం రాత్రీపగలూ కలవరించే మన మూడో ఆయన దీని గురించి కిమ్మన్నట్టు నేను వినలేదు.

పద్ధతి అంటే ఏమిటో నిజంగా తెలుసుకోవాలంటే అత్యున్నత స్థానం వైపే చూడాలి. 2019 ఏప్రిల్‌లో నాటి ప్రధాన న్యాయమూర్తి రంజన్ గొగోయ్ మీద కోర్టు మాజీ ఉద్యోగిని వేధింపుల ఆరోపణ చేస్తే, శనివారం పూట ప్రత్యేకంగా ధర్మాసనం కూర్చుంది. దానికి సారథి సాక్షాత్తూ గొగోయ్ గారే. ఎవరి కేసుకు వాళ్ళు జడ్జీలు కాకూడదని మొదటి ఏడాది లా విద్యార్థికి కూడా నేర్పుతారు. తర్వాత ముగ్గురు న్యాయమూర్తుల కమిటీ వేశారు. లాయర్ని తెచ్చుకోనివ్వలేదంటూ ఆమె మధ్యలోనే తప్పుకుంది. ఆరోపణలో పస లేదని కమిటీ తేల్చింది. నివేదిక బయటపెట్టలేదు, ఆమెకూ ఇవ్వలేదు. ఆరోపణ అబద్ధమే అయి ఉండవచ్చు. అలా అయితే గొగోయ్ గారికి కూడా ఇది అన్యాయమే, అందరూ చదివి నమ్మగలిగే నివేదిక ఒకటి ఆయనకు దక్కకుండా పోయింది. ఆ రోజు ధర్మాసనం మీద కూర్చోకుండా ఉండాల్సిందని ఆయనే తర్వాత 2021లో అన్నారు.

ఇటువైపు వాళ్ళకు కూడా నాలుగు చీవాట్లు పెట్టకపోతే లెక్క సరిపోదు. 2017లో వేధించారంటూ ఆచార్యుల పేర్లతో ఒక జాబితా ఫేస్‌బుక్‌లో తిరిగింది. చాలా పేర్ల పక్కన ఎప్పుడు, ఎక్కడ, ఏం చేశాడన్న వివరమే లేదు. తన మీద నేరమేమిటో తెలియని మనిషి ఏమని జవాబు చెప్పుకుంటాడు? సీనియర్ స్త్రీవాదులు కొందరు ఆనాడే అభ్యంతరం చెబితే వాళ్ళనూ శత్రువుల్లో కలిపేశారు. అది తప్పు. జాబితా వేసిన పిల్లల కోపం నాకు అర్థమవుతుంది, కమిటీల చుట్టూ తిరిగి తిరిగి విసిగినవాళ్ళు గోడల మీద రాస్తారు. అయినా గోడరాత తీర్పు కాదు.

ఇక్కడే గోవా విశ్వవిద్యాలయం కేసు చెప్పుకోవాలి, మన పెద్దలెవరూ ఎత్తని కేసు. విద్యార్థినుల ఫిర్యాదుల మీద ఒక ఆచార్యుణ్ణి ఉద్యోగంలోంచి తీసేశారు. 2023 మేలో సుప్రీంకోర్టు ఆ శిక్షను రద్దు చేసింది. విచారణను హడావిడిగా ముగించారు, ఆయనకు తన వాదన చెప్పుకునే వీలు సరిగా ఇవ్వలేదు, మళ్ళీ విచారించండి అంది. అదే తీర్పులో, 30 జాతీయ క్రీడా సమాఖ్యల్లో 16 చోట్ల అంతర్గత కమిటీయే లేదన్న పత్రికా కథనాన్ని ప్రస్తావిస్తూ ప్రభుత్వాలకు తలంటింది. నిందితుడికి న్యాయం జరగాలన్నా ముందు కమిటీ అంటూ ఉండాలి, దానికి పని తెలిసి ఉండాలి. ఫిర్యాదికి కావలసిందీ అదే. ఇంత తేలిక విషయం నలుగురు పెద్దమనుషులకు గంటసేపు చర్చించినా అందదు.

మన సినిమా ఇంటి సంగతీ కాస్త. 2018 ఏప్రిల్‌లో ఫిలింఛాంబర్ ముందు ఒక నటి బట్టలు విప్పి నిరసన తెలిపింది. తెలుగు సినీనటుల సంఘం ‘మా’ చేసిన మొదటి పని ఏమిటి? విచారణ కాదు, ఆమెతో నటించేవాళ్ళకు హెచ్చరిక. జాతీయ మానవహక్కుల కమిషన్ నోటీసులిచ్చాక ఆ నిషేధం ఎత్తేశారు. తర్వాత తెలంగాణ ప్రభుత్వం సినిమా రంగంలో వేధింపుల మీద కమిటీ వేసింది, దాని ఉపసంఘం 2022లో నివేదిక ఇచ్చింది. 2024 ఆగస్టులో కేరళ ప్రభుత్వం మలయాళ సినిమా రంగం మీద హేమ కమిటీ ఇచ్చిన నివేదికను బయటపెడితే, మన నివేదిక కూడా బయటపెట్టండి బాబూ అని నటి సమంత బహిరంగంగా అడగాల్సి వచ్చింది. కేరళవాళ్ళదీ పెద్ద ఘనతేం కాదు. 2019 డిసెంబరు 31న చేతికొచ్చిన కాగితాల మీద నాలుగున్నరేళ్ళు కూర్చున్నారు. ఆడవాళ్ళు భయంతో ఆగితే కుట్ర, సచివాలయం బీరువాలో ఆగితే గోప్యత.

ఈసారి చర్చలో "ఇన్నాళ్ళూ ఏం చేసింది?" అన్న పెద్దాయన్ని యాంకరు ఒకే ఒక్క మాట అడగాలి. "అయ్యా, పదిమంది పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి, అందులో బయటి సభ్యులు ఒకరుండాలి. మీ ఆఫీసు కమిటీలో ఆ బయటి సభ్యులు ఎవరండీ?" పెద్దాయన నీళ్ళు నములుతాడు. కాకపోతే యాంకరు ఆ ప్రశ్న అడగడు. ఎందుకంటే ఆయన తిరిగి "మరి మీ ఛానెల్లోనో?" అంటే చెప్పడానికి ఇతగాడికీ పేరు తెలియదు.