పరాజయానికి గంగారం భాష్యం

మూలంలో లేని మాట ఒక్కటీ రాయనని ప్రతిజ్ఞ పూని, కాళిదాసు కావ్యాలకూ భారవి, మాఘ, శ్రీహర్షుల మహాకావ్యాలకూ వ్యాఖ్యలు కూర్చిన మల్లినాథ సూరి నేటి మెదక్ జిల్లా కొల్చారం వాడని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. ఆయనతోనే ఈ నేలమీద వ్యాఖ్యాన శాస్త్రం అంతరించిందని బాధపడేవారు ప్రో కబడ్డీ లీగ్ నడిచే నెలల్లో, రాత్రి ఎనిమిది దాటాక, మహబూబాబాద్ జిల్లా గంగారం మండలం దాకా వెళ్ళి రావడం మంచిది. అక్కడ కిరాణా కొట్టు ముందరి బల్లమీద కూర్చున్న తెలుగు టైటన్స్ అభిమాని, ఇకపై ఈ వ్యాసంలో భాష్యకారుడిగా వ్యవహరింపబడేవాడు, మూలం ఇంకా పూర్తికాకముందే దానికి వ్యాఖ్యను పూర్తిచేసి, మరునాటి మ్యాచ్‌కు అవతారిక కూడా సిద్ధం చేస్తుంటాడు. మల్లినాథుడు మూలంలో లేనిదానిని రాయలేదు. భాష్యకారుడు మూలంలో ఉన్నదానిని, అంటే స్కోరును, ఒప్పుకోడు.

మూలమేదో ముందు నిర్ణయించుకోవాలి. 2014 జులైలో ఎనిమిది జట్లతో లీగ్ మొదలైనప్పుడు విశాఖపట్నం కేంద్రంగా పుట్టి, తరువాత హైదరాబాద్ గచ్చిబౌలికి మకాం మార్చిన జట్టు తెలుగు టైటన్స్. 2015 నాటి రెండో సీజన్ సెమీఫైనల్‌లో బెంగళూరు బుల్స్ చేతిలో 38-39తో ఓడి మూడో స్థానంతో సరిపెట్టుకుంది, 2016లో నాలుగో సీజన్‌లో నాలుగో స్థానం దగ్గర ఆగింది, కప్పు మాత్రం పన్నెండు సీజన్లు గడిచినా చేతికి రాలేదు. 2015లో తగ్గిన ఆ ఒక్క పాయింటు గురించి గంగారంలో నేటికీ వాదం తెగలేదు. ఆ పాయింటు ఏ రైడ్‌లో పోయిందో, ఎవరి కాలు ఏ గీత మీద పడిందో భాష్యకారుడికి నిన్న జరిగినట్టు గుర్తుంది. అదే ఏడాది తన పట్టాదారు పాస్‌పుస్తకం ఎక్కడ పెట్టాడో మాత్రం గుర్తులేదు.

అయితే ఏ భాష్యకారుడి ప్రతిభ అయినా సులువైన శ్లోకం దగ్గర బయటపడదు, కఠినమైన చోటే బయటపడుతుంది. టైటన్స్ మూలంలో అటువంటి కఠిన ఘట్టం మూడు సీజన్ల పొడవున ఉంది. 2021-22లో 22 మ్యాచ్‌లకు ఒక గెలుపు, 2022లో 22 మ్యాచ్‌లకు రెండు, 2023-24లో 22 మ్యాచ్‌లకు మళ్ళీ రెండు. వెరసి 66 మ్యాచ్‌లు, 5 గెలుపులు, మూడుసార్లూ పట్టికలో అట్టడుగు స్థానం. క్రీడారంగంలో నిలకడ కరువైందని వాపోయే విశ్లేషకులు ఈ నిలకడను గుర్తించకపోవడం అన్యాయమే. లోకం దీనిని ఓటమి అంటుంది. భాష్యకారుడు దీనిని ప్రక్షిప్తం, అనగా అసలు గ్రంథంలో లేకుండా తరువాతివారెవరో చొప్పించిన భాగం, అని నిరూపిస్తాడు. ఆ మూడింటిలో మొదటి సీజన్ మొత్తం కరోనా కారణంగా ప్రేక్షకులు లేకుండా బెంగళూరులోని ఒక హోటల్లో జరిగింది కాబట్టి, హోటల్లో ఆడింది కబడ్డీ అనిపించుకోదు. రెండోది గాయాల సీజన్ కాబట్టి దవాఖానా లెక్కలోకి వస్తుంది గాని ఆట లెక్కలోకి రాదు. మూడోదానికి అతనిచ్చే వివరణ మరింత గంభీరమైనది: లీగ్ చరిత్రలో అంతవరకు ఎవరికీ పలకని 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయల ధరకు పవన్ సెహ్రావత్‌ను కొన్నారు కాబట్టి, ఆ జట్టు వేలంపాటలోనే గెలిచేసింది, తరువాత జరిగిన మ్యాచ్‌లు కేవలం లాంఛనం.

ఇక్కడ లీగ్ నిర్వాహకులు భాష్యకారులకు చేసిన మేలును ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పదకొండో సీజన్ వరకు అమలైన నిబంధన ప్రకారం గెలిచిన జట్టుకు ఐదు పాయింట్లు, సమంగా ముగిస్తే చెరి మూడు, ఏడు లేదా అంతకంటే తక్కువ తేడాతో ఓడిన జట్టుకు ఒక పాయింటు ఇచ్చేవారు. ఓటమికి కూలి కట్టిచ్చే ఈ ఏర్పాటు వ్యాఖ్యాన చరిత్రలో గొప్ప మలుపు. ఎందుకంటే దాని ఆధారంగానే గెలుపు, ఓటమి అన్న మోటు విభజన స్థానంలో గెలుపు, సమం, గౌరవప్రదమైన ఓటమి, ఓటమి, చెప్పుకోదగని ఓటమి అన్న పంచవిధ వర్గీకరణ గంగారంలో స్థిరపడింది. 2021-22 సీజన్‌లో టైటన్స్ సంపాదించిన 27 పాయింట్లలో ఒక్క గెలుపుకు వచ్చినవి ఐదు, నాలుగు సమాలకు వచ్చినవి పన్నెండు పోను, మిగిలిన పది ఓడిపోయి కూడబెట్టినవే. ఓడిపోతూ గెలుపుకు రెట్టింపు గడించిన జట్టును ఎగతాళి చేసేవారికి లెక్కలు రావని భాష్యకారుడు నిండు సభలో ప్రకటించాడు. ఆ మాటను కాదనడం నిజంగానే కష్టం.

వ్యాఖ్యాన పద్ధతులలో అతనికి అత్యంత ప్రియమైనది అధ్యాహారం. మూలంలో లోపించిన పదాన్ని వ్యాఖ్యాత సందర్భాన్ని బట్టి తెచ్చి పూరించడాన్ని అధ్యాహారమంటారు. అడవి పల్లెల్లో సెల్‌ఫోన్ సిగ్నల్ వచ్చినట్టే వచ్చి పోతుంటుంది కనుక, చేతిలోని ఫోన్‌లో మూలం తరచుగా లోపిస్తుంది. ఒక రాత్రి జరిగే తంతును దగ్గరగా చూస్తే శాస్త్రం బోధపడుతుంది. టైటన్స్‌కు డూ ఆర్ డై రైడ్ వస్తుంది. వరుసగా రెండు రైడ్లలో పాయింటు రాకపోతే మూడోసారి కూతకు వెళ్ళినవాడు ముప్ఫై సెకన్లలో పాయింటు తేవాలి, తేకపోతే తానే అవుటవుతాడు అన్నది దాని అర్థం. రైడర్ గీత దాటుతాడు, కుడి కాలు పైకి లేపుతాడు, ఆ కాలు అలాగే గాలిలో ఉండగా బొమ్మ ఆగిపోయి తెర మధ్యలో చక్రం తిరగడం మొదలవుతుంది. బల్ల చుట్టూ చేరినవారు ఊపిరి బిగబట్టి భాష్యకారుడి వైపు చూస్తారు. అతడు తడుముకోడు. “ఇగ చూడుండ్రి, బోనస్ తీసిండు, మూలకున్నోన్ని కాలుతోటి తాకిండు, గీత మీదికి దుంకిండు, రెండు పాయింట్లు!” అంటాడు. “ఫోన్ ఆగిపోయింది గదనే అన్నా” అని ఎవరో చిన్నవాడు అంటే, “ఫోన్ ఆగితే ఆట ఆగుతదారా?” అని మందలిస్తాడు. చక్రం ఆగి బొమ్మ కదిలేసరికి రైడర్ నలుగురి కింద బోర్లా పడి ఉంటాడు, పాయింటు ఎదుటి జట్టు ఖాతాలో ఉంటుంది. ఎదుటి కోర్టులో కనీసం ఆరుగురు ఉంటేనే బోనస్ గీత దాటినందుకు పాయింటు వస్తుందనీ, అప్పటికి అక్కడ ఉన్నది నలుగురేననీ ఇంకెవరో గుర్తుచేస్తే, ఆ అభ్యంతరం పూర్వపక్షంగా, అనగా ఖండించడం కోసమే ఉటంకించే ఎదుటివారి వాదంగా, స్వీకరించబడుతుంది. సిద్ధాంతం మాత్రం మారదు: సిగ్నల్ ఉండి ఉంటే పాయింటు వచ్చేదే.

సూపర్ ట్యాకిల్ విషయంలో అతని సిద్ధాంతం ఇంకా సూక్ష్మమైనది. కోర్టులో ముగ్గురో అంతకంటే తక్కువమందో మిగిలి ఉన్నప్పుడు రైడర్‌ను పట్టుకుంటే ఒకటికి బదులు రెండు పాయింట్లు వస్తాయి, దానినే సూపర్ ట్యాకిల్ అంటారు. ఏడుగురితో మొదలయ్యే జట్టు ఈ వరం పొందాలంటే ముందు నలుగురిని పోగొట్టుకోవాలి. ఈ మొదటి షరతును టైటన్స్ నెరవేర్చినంత శ్రద్ధగా మరే జట్టూ నెరవేర్చలేదని, ఇదంతా కోచ్ వ్యూహమేనని భాష్యకారుడు వాదిస్తాడు. మిగిలిన ముగ్గురూ అవుటై జట్టంతా ఖాళీ అయి, ఆలౌట్ పేరుతో ఎదుటివారికి రెండు అదనపు పాయింట్లు దక్కినప్పుడు, వ్యూహం మంచిదే గాని అమలులో తేడా వచ్చిందంటాడు. పంచవర్ష ప్రణాళికల గురించి ఢిల్లీలో ఇంతకంటే మెరుగైన వివరణ ఎన్నడూ రాలేదు.

జట్టుకూ గంగారానికీ ఏమిటి సంబంధమన్న ప్రశ్న అప్పుడప్పుడు బయటివారి నుండి వస్తుంది. మొదటి ఆరు సీజన్లు జట్టుకు ముఖచిత్రంగా నిలిచిన రాహుల్ చౌదరి ఉత్తరప్రదేశ్ వాడు. ఏడో సీజన్ వేలంలో కోటి 45 లక్షలు పలికిన సిద్ధార్థ్ దేశాయ్ మహారాష్ట్ర వాడు. పన్నెండో సీజన్‌లో సారథి విజయ్ మలిక్ హర్యానా వాడు. జట్టు పేరులోని మొదటి పదానికి న్యాయం చేసే బాధ్యత చాలావరకు అభిమానుల భుజాలమీదే పడింది. భాష్యకారుడికి ఇందులో వింతేమీ కనిపించదు, కనిపించకపోవడానికి కారణమూ ఉంది. గంగారానికి జిల్లా కేంద్రం మానుకోట అనే మహబూబాబాద్, శాసనసభ నియోజకవర్గం ములుగు, గిరిజనాభివృద్ధి సంస్థ ఉన్నది ఏటూరునాగారం. 2016లో జిల్లాలు విడగొట్టేదాకా కలెక్టర్ ఉన్నది వరంగల్. తనవని చెప్పుకునే ప్రతిదీ వేరే ఊళ్ళో ఉండడానికి అలవాటుపడిన పౌరుడికి, కబడ్డీ జట్టు గచ్చిబౌలిలో ఉండి ఆటగాళ్ళు హర్యానాలో ఉండడం పరిపాలనా సంప్రదాయానికి అనుగుణంగానే తోస్తుంది.

ఓడే జట్టును వదలకుండా పట్టుకోవడం ఒక్క గంగారం ఘనత కాదు. అమెరికాలో బేస్‌బాల్ అనే ఆట ఉంది. ఒకడు బంతి విసిరితే మరొకడు కర్రతో కొట్టి నాలుగు మూలల చుట్టూ పరుగెత్తి వస్తాడు. ఆ ఆటలో షికాగో కబ్స్ అనే జట్టు 1908లో కప్పు గెలిచి, మళ్ళీ 2016 దాకా, అంటే 108 ఏళ్ళు, గెలవలేదు. 1945లో ఒక సారా కొట్టు యజమాని తన మేకను వెంటబెట్టుకుని ఆట చూడబోతే గేటు దగ్గర ఆపారని, అతని శాపం వల్లనే జట్టు బాగుపడలేదని అక్కడి భాష్యకారులు తరాల తరబడి నమ్మారు. ఈ సంగతి గంగారంలో వినిపించినప్పుడు రెండు స్పందనలు వచ్చాయని చెప్పాలి. మొదటిది, లెక్క ప్రకారం టైటన్స్‌కు ఇంకా తొంభై ఏళ్ళకు పైగా గడువుందన్న ఊరట. రెండోది, మేకను గేటు దగ్గర ఆపడమేమిటన్న నిజమైన ఆశ్చర్యం. మేడారం జాతరకు ఈ మండలంలోని పూనుగొండ్ల నుండే పగిడిద్దరాజు దేవుణ్ని అడవి దారిన కాలినడకన తోడుకొని వెళతారు, ఆ జాతరలో మేకను ఆపినవాడు లేడు. గచ్చిబౌలి స్టేడియం నియమాలను ఈ కోణం నుండి ఒకసారి పరిశీలించాలని ఒక సూచన వెలువడింది.

భాష్యంలో ఎక్కడా ప్రస్తావనకు రాని విషయం ఒకటుంది. ఆ బల్లకు కూతవేటు దూరంలో ఆశ్రమ పాఠశాల మైదానం ఉంటుంది. సాయంత్రం పూట సున్నంతో గీసిన గీతల మధ్య కోయ పిల్లలు వట్టికాళ్ళతో చెడుగుడు ఆడుతుంటారు. మోకాళ్ళ చిప్పలు ఎర్రమట్టితో నిండి ఉంటాయి, సీలమండ పట్టు పట్టినవాడు రైడర్ కూత ఆగేదాకా విడవడు. వీరిలో ఒకడు వరుసగా నలుగురిని పట్టి పడేసినా దానికి వ్యాఖ్య ఉండదు, ఎందుకంటే అది ప్రత్యక్ష ప్రసారం కాలేదు. భాష్యకారుడికి హర్యానా డిఫెండర్ల ఎత్తూ బరువూ నోటికి వచ్చు, వేలంలో ఎవరికెంత పలికిందో పైసాతో సహా వచ్చు. మైదానం పక్కనుండే దినమూ బండిమీద పోతూ ఆ పిల్లవాడి పేరు అడగాలని అతనికి తోచలేదు. పోనీ జట్టు యాజమాన్యానికైనా తోచిందా అంటే, ఆ పూర్వపక్షానికి సిద్ధాంతం రావలసి ఉంది.

2025లో జరిగిన పన్నెండో సీజన్ శాస్త్రానికి పెద్ద ప్రమాదమే తెచ్చింది. రికార్డు ధరకు కొన్న పవన్‌ను వదిలేస్తే, అతడు తమిళ్ తలైవాస్ చొక్కా తొడుక్కొని విశాఖలో జరిగిన తొలి మ్యాచ్‌లోనే టైటన్స్‌ను 38-35తో ఓడించి వెళ్ళాడు. భాష్యకారుడు ఆ రాత్రి ఉత్సాహంగా కనిపించాడు, సీజన్‌కు సరిపడా సామగ్రి దొరికిందనుకున్నాడు. అదే ఏడాది నిర్వాహకులు పాయింట్ల పద్ధతి మార్చి గెలిస్తే రెండు, ఓడితే సున్నా అన్నారు. ఓడినందుకు కట్టే కూలి ఆగిపోయిన ఏడాదే టైటన్స్ ప్లేఆఫ్‌కు చేరిందన్న సంగతిని ఉపాధి పథకాల నిపుణులకు వదిలివేయడం మేలు. లీగ్ దశలో 18 మ్యాచ్‌లకు 10 గెలుపులు వచ్చాయి, ప్లేఆఫ్‌లో మొదట బెంగళూరు బుల్స్, తరువాత పట్నా పైరేట్స్ ఓడారు. గంగారం బల్ల మీద మాట పలచబడింది. గెలిచిన మ్యాచ్‌కు “మంచిగ ఆడిండ్రు” అన్న రెండు మాటలకు మించి వ్యాఖ్య పుట్టదు, అవి మూలంలోనే ఉన్నాయి. పొద్దుపోయేదాకా కూర్చునేవారు తొమ్మిదిన్నరకే లేచి ఇంటికి పోసాగారు, కొట్టు యజమానికి చాయ అమ్మకం తగ్గింది.

అక్టోబరు చివరలో రెండో క్వాలిఫయర్, అంటే గెలిస్తే ఫైనల్‌కు చేర్చే మ్యాచ్, పుణేరి పల్టన్‌తో జరిగింది. టైటన్స్ ఆరంభంలో బాగా ముందుకు వెళ్ళి, ఆ ఆధిక్యాన్ని చేజార్చుకొని, 45-50తో ఓడింది. భాష్యకారుడు ఫోన్ పక్కన పెట్టి, కొత్త బీడీ ముట్టించి, నెలన్నర తరువాత మొదటిసారిగా బల్లమీద బాసింపట్టు వేసుకున్నాడు. “అయిదే గదనే తేడా. ఎన్కటి లెక్కల అయితే మనకొక పాయింటు వస్తుండె” అన్నాడు. నాకౌట్ మ్యాచ్‌లో పాయింట్ల పట్టికే ఉండదని ఎవరో అనబోయారు. ఆ అన్నవాడు యు ముంబా జట్టు అభిమాని అని తేలడంతో ఆ అభ్యంతరం విచారణకు అర్హం కాకుండా పోయింది. కొట్టు యజమాని ఇంకో నాలుగు చాయలకు నీళ్ళు పెట్టాడు.